ఉనైజా తోటల నేను సాపు చేసిన గోడ

నా పేరు మల్లేశం. మాది జగిత్యాల దిక్కు. తాపి పని నాది. సౌదీల ఇరవై నాలుగేండ్లు గోడలు కట్టి, పోయినేడు తాపిని కడిగి, తుడిచి, అటకెక్కిచ్చిన. ఇప్పుడు నా డ్యూటీ పొద్దుగాల పేపర్ సదువుడు, మాపటికి రాజవ్వతోని తిట్లు తినుడు. రాజవ్వ అంటే నా భార్య. ఈ ముచ్చట్ల ఆమెది గుడ ఒక పెద్ద వేషం ఉన్నది. రాయకపోతే అన్నం పెట్టదు కాబట్టి ముందుగాల్నే చెప్తున్న.

ఈ నడుమ మా దిక్కోళ్లు కొందరు సౌదీకి పాత మట్టి ఇండ్లు బాగుచేసే పనికి పోతున్నరు. పోయేముందు నా కాడికొచ్చి, "మామా, రూంల ఏసీ ఉంటదా? ఓటీ ఇస్తరా? ఇఖామా కార్డు ఎన్ని దినాలకు చేతికొస్తది?" అని అడుగుతరు. అవన్ని ఏజెంటు చెప్తడు. సగం అబద్ధమే చెప్తడు గాని చెప్తడు. ఏజెంటు చెప్పనిది నేను చెప్త. పాత ఇంటి పనిల మేస్త్రిని ముంచేది పని రాకపోవుడు కాదు, "నాకు రానిదేముంది" అనే పొగరు. ఆ పొగరు నాకు ఉండె, తక్కువేం లేకుండె. దానితోని ఒక పెద్దమనిషి పానం మీదికి తెచ్చిన. దాసుకుంటె ఏం లాభం?

తోట

సౌదీ నడిమిట్ల ఉన్న ఉనైజా ఊరు ఖర్జూరానికే పేరు. యాడ చూసినా ఖర్జూర తోటలే. అండ్ల ఒకటి అబూ సాలెహ్‌ది. అబూ సాలెహ్ అంటే సాలెహ్ వాళ్ల నాయన అన్నట్టు. ఆడ పెద్దమనుషులను పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తరు. ఎనభై దాటిన ముసలాయన, సన్నగ, చేతిల ఒక కట్టె. ఆ కట్టె నడిచేటందుకు కాదు, నా పనిల తప్పులు చూపెట్టేటందుకు పట్టుకుండేటోడు.

తోట నడుమ పాత మట్టి ఇల్లు. చెట్లు పెట్టింది వాళ్ల తాత, ఇల్లు కట్టింది వాళ్ల నాయన. సుట్టు రెండు నిలువుల మట్టి ప్రహరీ, మూలకొక గుండ్రటి బురుజు. చూడంగనే మా ఊరి బురుజు యాదికొచ్చింది. ఎనుకట పంట మీద పడి దోచుకపోయేటోళ్లు ఉండేటోళ్లట. పండ్లు దిగే దినాలల్ల బురుజు మీద ఒకలు కావలి కూసుండేటోళ్లట. లోపల పెద్ద వాకిలి, వాకిలి సుట్టు అర్రలు. ఒక అర్ర ఖర్జూరం నిల్వకు, ఇంకోటి పశువులకు, పైన అర్రలు ఆడోళ్లకు. అన్నిటికన్న సోకైంది కాఫీ అర్ర. ఎవలొచ్చినా ముందుగాల ఆన్నే కూసోపెట్టి గహ్వా పోస్తరు. గహ్వా అంటే ఆడి కాఫీ. పచ్చగుంటది, యాలకుల వాసనొస్తది, చెక్కెర ఉండదు. మొదటిసారి తాగి నాకు జరమేమన్న వచ్చిందనుకొని కషాయం ఇచ్చిండ్రా అనుకున్న.

ఆ అర్రకు ఎడారి చెట్టు దూలాలు, వాటి మీద ఖర్జూర మట్టలు, వాటి మీద మందంగ మట్టి. పొయ్యి పక్క గోడకు తెల్లపూతల పూలు చెక్కి ఉండె. పొగకు అవి నల్లగయినయి గాని పనితనం మాత్రం దాగలే. గోడలు అడుగున రెండు మూరల మందం. పైకి పోయినకొద్ది సన్నమైతయి. బయట నిలబడి చూస్తే గోడ లోపలికి ఒరిగినట్టు కొడ్తది.

వాళ్ల కుటుంబం రోడ్డవతల విల్లా కట్టుకొని పోయినంక ఈ ఇంటిని మేకలు ఏలినయి. ఇప్పుడు ఆ దేశంల పాత ఇండ్ల మీద మోజు లేసింది. ఇంటిని బాగుచేసి, వచ్చేటోళ్లకు చూపియ్యాలె, కిరాయికి ఇయ్యాలె అని కొడుకులు అనుకున్నరు. ముసలాయనకు ఆ లెక్కలేం పట్టలే. నాయన కూసున్న జాగల కూసోని, అదే పొయ్యి మీద కాఫీ కాసుకొని తాగాలె. ఆయనకు ఇంకేం వద్దు.

నేను ఒంటెనైన దినం

మా సైటు ఇంజినీరు ఖాదర్ సాబ్. హైదరాబాద్ మనిషి. మంచోడే గాని కంప్యూటర్ చెప్పింది తప్ప కన్ను చెప్పింది నమ్మడు. డ్రాయింగుల బాయి పక్కన ఒక ఏటవాలు బాట గీసి "వెహికల్ ర్యాంప్" అని రాసిండు. నాకు నవ్వాగలే.

"సాబ్, ఆ కాలంల ఈన్నుంచి ఏ కారు దిగింది సాబ్?"

"మరేంది మియా ఇది? నువ్వే చెప్పు."

"మోట బాయి సాబ్! మా తాత మోట కొట్టెటోడు. ఎడ్లు పల్లానికి దిగుతుంటె తోలు బొక్కెన నీళ్లతోని పైకొస్తది. ఇది ఎడ్ల బాట."

ఎనుక నుంచి కట్టె సప్పుడైంది. అబూ సాలెహ్ మా మాటలు తెల్వకున్నా నా చేతులు చూసి విషయం పట్టేసిండు. "ఎడ్లు కాదు, ఒంటెలు!" అన్నడు. నాకొచ్చిన అరబ్బీ సైటు అరబ్బీ. ఇటుక, నీళ్లు, రేపు, జీతం, ఇగ ఖల్లీవల్లీ, అంటే పోనీతియ్ అని. అండ్ల మోటకు మాట లేదు. అందుకే నోటితోని గిలక సప్పుడు చేసి, మెడ చాపుకొని ఆ బాట మీద దిగుడు షురూ చేసిన. ముసలాయన ఎనుక నుంచి కట్టె ఊపుకుంట, చిన్నప్పుడు పాడిన పాటేదో పాడుకుంట నన్ను తోలిండు. కిందికి, పైకి, మళ్ల కిందికి. సైటు మీద పనోళ్లంత పని ఆపి చూస్తున్నరు. మూడో సుట్టుకు నాకు దమ్మాడలే.

ఆ దినం నుంచి నేను ఆయనకు "యా ముహందిస్", అంటే "ఓ ఇంజినీరూ". అసలు ఇంజినీరు పక్కనే నిలబడ్డా సరే. ఖాదర్ సాబ్ మొఖం చూడాలె ఆ మాటకు. నేనైతే నేల మీద నడుస్తలే. రోజు పొద్దు వాలినంక చేసే అసర్ నమాజు కాంగనే వాకిట్ల కూసోపెట్టి నాకు గహ్వా పోసెటోడు. ఆ కషాయం గుడ అలవాటై, రాకపోతే తలకాయ నొచ్చేది.

సాపు చేసిన గోడ

కాఫీ అర్ర పడమటి గోడ ఛాతి ఎత్తు నుంచి పైకి వానలకు కూలి ఉండె. దాన్ని మళ్ల లేపాలె. తూకం గుండు ఇడిచి చూసిన. పాత గోడ పైకొచ్చేసరికి జానెడు లోపలికున్నది. నాకు జాలేసింది. పాపం, ఎనుకటోళ్లకు రసమట్టం యాడిది, గుండు యాడిది, కంటి అందాజ మీద కట్టుకున్నరు అనుకున్న. ఆ కంటి అందాజతోని కట్టిన ఇల్లు నా కన్న పెద్ద వయసుదని మాత్రం తట్టలే.

మేస్త్రికి గుండు తప్పిన గోడ కనవడితే చెయ్యి ఊకుండదు. పని నేర్పిన మా పెదనాయన అయితే ఏలెడు వంకర పోయినందుకు తాపితోనే వీపు మీద కొట్టెటోడు. ఇగ నేనేం చేసిన? కింది పాత గోడకు బయట దిక్కు సగం ఇటుకలు అంటిచ్చి ఆ వాలును కప్పిన. దాని మీద కొత్త గోడను నిట్టనిలువుగ లేపిన. పట్టు బాగుంటదని మట్టిల ఇంత సిమెంటు గుడ కలిపిన, ఎవలికి చెప్పకుంట. దూలాలు ఆ గోడ మీదనే ఆనినయి. పైకెల్లి మట్టిపూత కొట్టంగనే ఏది పాతదో ఏది కొత్తదో ఎవలికి తెల్వకుంటయింది.

"క్యా సీదా హై మియా! స్కేల్ పెట్టి గీసినట్టున్నది," అని ఖాదర్ సాబ్ ఫోటో తీసి ఆఫీసుకు పంపిండు. డ్రాయింగుల గుడ ఆ గోడ నిలువు గీతనే. నా పని, డ్రాయింగు అచ్చం కలిసిపోయినయి. ఆ ఫోటో నేను రాజవ్వకు గుడ పంపిన.

గ్లాసెడు నీళ్లు

ఆ ఊపుల ఖర్జూరం అర్రలకు పోయిన. నేల ఒక మూలకు వాలి ఉన్నది. ఇదెక్కడి నేలరా అని రెండు దినాలు కూసోని రసమట్టం పెట్టి, బుడగ నడుమకొచ్చేదాక కదలకుంట సాపు చేసిన. అబూ సాలెహ్‌ను పిలిచి చూపెట్టిన. ఆయన గ్లాసెడు నీళ్లు తెప్పిచ్చి నేల మీద ఒంపిండు. నీళ్లు ఆన్నే నిలబడ్డయి.

"ఇవి ఎటు పోతయి?" అన్నడు.

"ఎటూ పోవు, అబూ సాలెహ్! అంత మట్టంగ ఉన్నది!" అన్న, ఛాతి పొంగిచ్చి.

ముసలాయన నవ్విండు సూడు, కట్టె జారిపోయింది. గోడ పట్టుకొని కూలబడి, కండ్ల నీళ్లు తుడుసుకుంట నవ్విండు. కొడుకులను పిలిచి చెప్పిండు, వాళ్లు నవ్విండ్రు. పనోళ్లకు చెప్పిండు, వాళ్లు నవ్విండ్రు. తర్వాత నాకు సమజయ్యేటట్టు, సగం మాటలతోని సగం చేతులతోని, నిమ్మలంగ చెప్పిండు. ఈ అర్రల ఖర్జూరం సంచులు ఒకదాని మీద ఒకటి పేరుస్తరు. పై బరువుకు కింది పండ్ల రసం కారి, నేల వాలు మీదికెల్లి మూలకున్న బొందల పడ్తది. ఆన్నుంచి కుండలకు ఎత్తుకుంటరు. ఏడాదంతా రొట్టెకు అదే తీపి.

"మా నాయన ఈ వాలు కుదిరేదాక ఎన్ని తాపలు చేసిండో. నువ్వు రెండు దినాలల్ల సంపినవ్," అని మళ్ల నవ్వి, "ఈ ఇంట్ల ఏదన్న వంకరున్నదంటె దానికేదో పని ఉన్నట్టే, ముహందిస్" అన్నడు.

నాకు నవ్వు ఆగిపోయింది. "గోడలు గుడనా?" అని మెల్లగ అడిగిన.

"గోడలు గుడ. అడుగున బరువు, పైన తేలిక. అట్లుంటేనే మట్టి నిలబడ్తది."

అందరు నా నేలను చూసి నవ్వుతున్నరు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డ. నేల తప్పయితే తవ్వుకోవచ్చు. ఆ గోడ మీద దూలాలున్నయి, దూలాల మీద కప్పున్నది.

పదిహేను దినాలు

నేల మళ్ల తవ్వి వాలు పెట్టిన. గోడ సంగతి మాత్రం నోరిప్పలే. ఎందుకంటే బుగులు. నన్ను ఆడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్ కాయితం ఆఫీసుల ఉండె. తప్పు తెలిస్తె ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోల్తరు. ఇంకోటి, రాస్తుంటే ఇప్పటికీ సిగ్గయితది, "ముహందిస్" అన్న పిలుపు పోతదని. ఏం గాదు, గట్టిగనే కట్టిన గద, సిమెంటున్నది గద అని దినాం నాకు నేనే చెప్పుకున్న.

నేల ముచ్చటైన తెల్లారే కాఫీ అర్రల పొయ్యి తయారైంది. ముసలాయన ఆగుతడా? పాత ఇత్తడి కొమ్ముచెంబులు తెచ్చి పేర్చుకున్నడు. దినాం అసర్ తర్వాత పడమటి గోడకు ఈపు ఆనిచ్చి కూసునుడు షురూ చేసిండు. అది వాళ్ల నాయన జాగనట.

ఒక దినం వాన కొట్టింది. ఆడ వాన అంటే కొట్టుడే. తెల్లారి బయటికెల్లి చూసిన. నేను అంటిచ్చిన ఇటుకలకు పాత గోడకు నడుమ ఏలు దూరేంత పగులు. లోపల దూలం కొసకు మట్టి సన్నగ రాలుతున్నది. గోడ బయటికి పోతే దూలాలు ఆయన నెత్తి మీదికే. ఉరికి ఖాదర్ సాబ్‌కు చెప్పిన.

"గురువారం హ్యాండోవర్ ఉన్నది మల్లన్నా! ఇప్పుడు నోరిప్పితే నీ పని, నా పని రెండూ ఖతం. పూత వెయ్యి పైకెల్లి."

"సాబ్, కింద ముసలాయన కూసుంటడు."

"ఇన్షాల్లా ఏం గాదు."

ఆ పెద్దమాటను నమ్మకంతోని అనాలె. ఆయన పూత లెక్క పూస్తున్నడు. గాని నేను తిట్టే మనిషినా? పదిహేను దినాల నుంచి పూస్తున్నది నేనే గద. రూంకు పోయి రాజవ్వకు ఫోన్ చేసిన.

"ఆ ముసలాయన నీకేమైతడు?" అన్నది.

"ఏం గాడు."

"రోజు కాఫీ పోస్తడంటివి?"

"పోస్తడు."

"పోయించుకొని తాగుతవ్, ఏం గాడంటవేందయ్యా? సిగ్గుండాలె. పోయి చెప్పు. ఎక్కువల ఎక్కువ ఇంటికి తోల్తరు. ఇల్లేమన్న జైలా?"

చెప్పుడు

అసర్ అయినంక పోయిన. ముసలాయన గోడకు ఆనుకొని పొయ్యి ఊదుతున్నడు.

"లే, అబూ సాలెహ్. బయటికి రా."

"కూసో, కూసో. ఇప్పుడే మరుగుతున్నది."

"గోడ పాడైంది. పడ్తది."

"మా నాయన గోడ పడదు."

"మీ నాయన గోడ పడదు. ఇది నాది."

ఆయన నా మొఖం చూసిండు. లేసేటందుకు గోడ మీద చెయ్యి పెట్టిండు. నేను గట్టిగ ఒర్రి, ఆయన రెట్ట పట్టి బయటికి గుంజిన. అంత పెద్దమనిషిని అట్ల గుంజినందుకు పనోళ్లు ఉరికొచ్చిండ్రు. ముసలాయన వాళ్లను ఆపి, గోడ సుట్టు తిరిగొచ్చి, పగుల్ల కట్టె పెట్టిండు. జానెడు దిగింది. ఆ దినం నవ్వలే.

"నువ్వే కట్టినవా?"

"నేనే."

"తెలిసే కట్టినవా?"

"కట్టినప్పుడు తెల్వది. తెలిసి పదిహేను దినాలైంది."

కట్టెను పగుల్లకెల్లి గుంజుకున్నడు. "పదిహేను దినాలు నేను దాని కింద కూసున్న," అన్నడు.

"ఔ" అన్న. తలకాయ తీసేసినట్టయింది.

ఖాదర్ సాబ్ ఉరుక్కుంట వచ్చి ముందుగాల నన్నే తిట్టిండు. ముసలాయన చెయ్యి లేపి డ్రాయింగు తెమ్మన్నడు. తెచ్చిండ్రు. కట్టె కొసతోని ఆ నిలువు గీత చూపెట్టి, "ఇది ఎవలు గీసిండ్రు?" అన్నడు. కంప్యూటర్ అంటడేమో అనుకున్న. ఖాదర్ సాబ్ నుదురు తుడుసుకొని, "నేనే. మేస్త్రి నా గీత మీదనే కట్టిండు," అన్నడు. అప్పటిదాక ఆయన్ని పిరికోడనుకున్న. పిరికితనంల నేను ఆయనకన్న పదిహేను దినాలు ముందున్న, అంతే తేడా.

హ్యాండోవర్ ఆగింది. నన్ను ఎగ్జిట్ మీద పంపుతమని ఆఫీసోళ్లు అన్నరు. ముసలాయన ఒప్పుకోలే. "చెడగొట్టినోడే కట్టాలె. కట్టినంక మీ ఇష్టం" అన్నడు. అది మాఫీ కాదు, శిక్షనే. నాకు మాత్రం పానం లేసొచ్చింది.

రాజవ్వ మట్టి

దూలాలకు గుంజలు ఆనిచ్చి, బయట అంటిచ్చిన ఇటుకలు ఊడబీకి, నా గోడను ఛాతి దాక ఇప్పిన. మట్టి తొక్కుడు షురూ చేసిన్నాడు రాజవ్వ వీడియో కాల్ చేసింది. మా ఇండ్లల్ల మట్టిగోడలకు ఏటేటా పూసేది ఆడోళ్లే. మొగోళ్లం గట్టు మీద కూసోని బీడీ తాగుడే. ఫోన్ ఖాదర్ సాబ్ చేతికిచ్చి నేను మట్టిల దిగిన.

"ఆ గడ్డేంది, ఎడ్లకు ఏసినట్టు? సన్నగ కొయ్యి!" అన్నది. కోసినం. "పిసికి చూపెట్టు." పిసికిన. "ఇది నిన్నటి మట్టి. పులవలే. పుల్లటి వాసన రావాలె, ముట్టుకుంటె వెన్న లెక్క జారాలె."

"ఎన్ని దినాలు నానాలె మేడం?" అని ఖాదర్ సాబ్ నోట్‌బుక్ తీసిండు.

"మేడం గీడం ఏంది బిడ్డా, అక్కా అను. వాసన చెప్తది ఎన్ని దినాలో."

పాపం ఖాదర్ సాబ్, ఆ వాసనను ఏ గడిల రాయాలెనో తెల్వక పెన్ను పట్టుకొని నిలబడ్డడు. అబూ సాలెహ్‌కు అంత ఇనాలనే ఉన్నది. గాని పరాయి ఆడమనిషిని చూడొద్దని గోడ దిక్కు మొఖం తిప్పుకొని నిలబడి, "బూడిద కలుపుతరా అని అడుగు" అని నాతోని అడిగిచ్చిండు. రాజవ్వ కలుపమన్నది. ముసలాయన గోడకే తలూపిండు.

ఈసారి పాత గోడ వాలుకు ఒక చెక్క కోసుకున్న. ప్రతి వరుసకు ఆ చెక్క ఆనిచ్చి చూసిన. వరుసలు మట్టంగ ఉండాలె కాబట్టి రసమట్టం గుడ పెట్టిన. దాని తప్పేం లేదు, ఎక్కడ పెట్టాలెనో తెల్వని చెయ్యిది తప్పు. తమ్ముళ్లారా, ఈ పనికి పోయేటోళ్లు ముందుగాల ఆ ఇంట్ల పుట్టినోళ్లను వెతుక్కోండ్రి. వాళ్లు పోస్తే ఏదైనా తాగుండ్రి, మెల్లగ అడుగుండ్రి. తప్పు దొర్లితే అదే దినం చెప్పుండ్రి. పదిహేను దినాలైనంక చెప్పుడు శాన కష్టం.

ఎగ్జిట్ ఏమైందంటరా? కొట్టలే. గోడ అయినంక శిక్ష లెక్క ఉత్తరం దిక్కున్న తబూక్‌కు తోలిండ్రు. ఆడి చలికి పండ్లు కొట్టుకుంట సిమెంటు ఇటుకల గోడలు కట్టిన, నిట్టనిలువుగ.

మొదటి గహ్వా

తబూక్ పోయేముందటి దినం అబూ సాలెహ్ పిలిచిండు. గోడ ఆరింది. గుంజలు తీసి దూలాలు గోడ మీద దించి రెండు దినాలైంది. ఆయన పొయ్యి ముందట ఎదురుంగ కూసోని, కట్టెతోని వాళ్ల నాయన జాగ చూపెట్టిండు.

"నువ్వు కూసో."

నాకు సమజైంది. పోయి కూసున్న, ఈపు ఆనకుంట.

"ఆనుకో."

ఆనుకున్న. గోడ సల్లగుండె. ఆయన చిన్న కప్పుల గహ్వా పోసి ఇచ్చిండు. ఆడ ఒక పద్ధతి ఉన్నది. చాలనుకుంటె కప్పును ఇట్ల అటు ఇటు ఊపాలె. ఊపేదాక పోస్తనే ఉంటరు. నేను తాగుతున్న, ఆయన పోస్తున్నడు. నా కండ్లు దూలం కొస మీదనే ఉన్నయి, మట్టి రాలుతదా అని. మూడయినయి, ఐదయినయి, ఏడయినయి. మామూలుగ మూడుకే ఊపేటోణ్ణి.

"ఎందుకు ఊపుతలేవు?" అన్నడు.

"ఊపితే లేవాలె గద, అబూ సాలెహ్. నేను లేస్తే ఈడ నువ్వు కూసుంటవ్. ఇంకింత సేపు చూస్త."

ముసలాయన చెంబు కింద పెట్టిండు. కట్టె పట్టుకొని లేసి, పొయ్యి సుట్టు తిరిగొచ్చి, నా పక్కన కూలబడి, గోడకు ఈపు ఆనిచ్చిండు. ఆయన భుజం నా భుజానికి తగిలింది.

"ఇగ గహ్వా నువ్వు పొయ్యి, ముహందిస్" అని కప్పు చాపిండు.